కీ ఇచ్చే చేయి
(మూడవ సాలార్‌జంగ్ జీవిత కథ)



మా ఇంటి గోడ మీద ఒక పాత గడియారం ఉంది. అది మా తాతగారిది. ప్రతి ఆదివారం దానికి కీ ఇవ్వాలి. నేను ఉద్యోగంలో చేరినప్పటి నుంచి బదిలీ అయిన ప్రతి ఊరికీ దాన్ని దుప్పట్లో చుట్టి, రైల్లో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లాను. మధ్యలో ఒక ఊళ్లో, సామాను సర్దుకునే హడావుడిలో నాలుగు వారాలు కీ ఇవ్వడం మరిచిపోయాను. గుర్తొచ్చి కీ ఇస్తే నడవలేదు. పాడైపోయిందనుకుని వదిలేశాను. రెండేళ్లు అది ఒకే సమయం చూపిస్తూ గోడకు వేలాడింది.

బిలాస్‌పూర్ వచ్చాక, స్టేషన్‌కు వెళ్లే దారిలో గడియారాలు బాగుచేసే ఒక పెద్దాయనకు చూపించాను. ఆయన విప్పి చూశాడు. స్ప్రింగు తెగలేదు, చక్రాల పళ్లు అరగలేదు. లోపలి నూనె గట్టిపడిపోయింది, అంతే. శుభ్రం చేసి రెండు చుక్కలు నూనె వేస్తే మళ్లీ నడిచింది. తప్పు గడియారానిది కాదని నాకప్పుడు తెలిసింది.

ఆ సాయంత్రం నాకు ఒక మనిషి గుర్తొచ్చాడు. ఆయన బతికున్నప్పుడు ఎన్నో గడియారాలు, వేల వస్తువులు ఇంటికి తెచ్చుకున్నాడు. ఆయన పోయాక వాటి గతి ఏమవుతుందో ఎవరికీ తెలియదు. అయినా అవి చెదిరిపోలేదు. అందులో ఒక గడియారం ఈ రోజు కూడా గంట గంటకీ వందల మందిని తన ముందు కూర్చోబెడుతోంది. ఆ మనిషి నవాబ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్. లోకానికి మూడవ సాలార్‌జంగ్. హైదరాబాద్‌లో మూసీ నది ఒడ్డున ఉన్న మ్యూజియం ఆయన పేరుదే.

తండ్రిని చూడని బిడ్డ

మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1889 జూన్ 13న పూనాలో పుట్టాడు. నెల తిరగకముందే తండ్రి కన్నుమూశాడు. ఆ తండ్రి రెండవ సాలార్‌జంగ్, మీర్ లాయక్ అలీ ఖాన్. పాతికేళ్లు దాటీ దాటని వయసులో పోయాడు. అంటే ఆ బిడ్డకు తండ్రి ముఖం తెలియదు. మిగిలినవి తండ్రి బిరుదు, తాత పేరు, పెద్ద జాగీరు, హైదరాబాద్ పాతబస్తీలో దివాన్ దేవిడీ అనే విశాలమైన భవనం.

తాత సంగతి కొంచెం చెప్పాలి. ఆయన మొదటి సాలార్‌జంగ్, మీర్ తురాబ్ అలీ ఖాన్. 24 ఏళ్ల వయసులో, 1853లో, నిజాం రాజ్యానికి దివాన్ అయ్యాడు. దివాన్ అంటే ప్రధానమంత్రి. అప్పటికి ఖజానా ఖాళీ, జీతాలు అందని సైన్యం, పన్నుల వసూలులో ఇష్టారాజ్యం. ఆయన రాజ్యాన్ని జిల్లాలుగా విభజించి, ఆదాయ వ్యయాలను ఒక దారిలో పెట్టాడు. 1883లో కలరా వచ్చి చనిపోయేదాకా, దాదాపు 30 ఏళ్లు ఆ పదవిలోనే ఉన్నాడు. 1876లో ఐరోపా వెళ్లినప్పుడు రోమ్ నగరంలో బెంజోనీ అనే శిల్పి చెక్కిన పాలరాతి బొమ్మను కొన్నాడు. మేలిముసుగు వేసుకున్న స్త్రీ బొమ్మ అది. రాతిలోనే పలచటి గుడ్డ, ఆ గుడ్డ వెనక ముఖం కనిపిస్తాయి. ముసుగు రెబెక్కా అనే ఆ శిల్పాన్ని ఇప్పటికీ మ్యూజియంలో చూడవచ్చు.

కాబట్టి వస్తువులను ప్రేమించే గుణం ఆ ఇంట్లో ముందు నుంచే ఉంది. తండ్రి లేని పిల్లవాడు తాత కొన్న బొమ్మల మధ్య పెరిగాడు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆ కుటుంబాన్ని ఆదరించాడు. పిల్లవాడు నిజాం కళాశాలలో చదువుకున్నాడు. ఉర్దూ, పారశీకం, ఇంగ్లీషు నేర్చుకున్నాడు.

రెండేళ్ల దివాన్

1911లో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కాడు. మరుసటి సంవత్సరం, 1912లో, మహారాజా కిషన్ పర్షాద్ స్థానంలో మీర్ యూసుఫ్ అలీ ఖాన్‌ను దివాన్‌గా నియమించాడు. అప్పటికి అతని వయసు 23. తాత ఆ పదవిలోకి వచ్చిన వయసు కంటే ఒక ఏడాది తక్కువ. తాత పేరు నిలబెడతాడని అందరూ ఎదురుచూసి ఉంటారు.

అది జరగలేదు. 1914 చివరిలో ఆయన పదవి వదిలేశాడు. తర్వాత కొన్నేళ్లు నిజామే స్వయంగా పాలన చూసుకున్నాడు. ఇంకా పాతికేళ్లు కూడా నిండకముందు అంత పెద్ద పదవికి వచ్చి, పాతికేళ్లు నిండగానే దాన్ని దాటేసిన మనిషి ముందు ఇక మిగిలిన జీవితమంతా ఖాళీగా కనిపిస్తుంది. తాత 30 ఏళ్లు చేసిన పనిని మనవడు రెండేళ్లు చేశాడు. లోకం దృష్టిలో ఆయన కథ అక్కడితో ముగిసిపోయినట్టే.

పిల్లలూ, మీలో కొందరు పరీక్షలో అనుకున్న మార్కులు రాకపోతే, జట్టులో చోటు దొరక్కపోతే అంతా అయిపోయిందనుకుంటారు. మూడవ సాలార్‌జంగ్‌ను ఈ రోజు మనం ఎందుకు గుర్తుంచుకున్నామో చూడండి. ఆ రెండేళ్ల పదవి కోసం కాదు. ఆ తర్వాతి 35 ఏళ్ల పని కోసం.

దేవిడీకి వచ్చిన ప్రపంచం

పదవి వదిలాక ఆయన తన ఆదాయాన్ని, సమయాన్ని కళాఖండాలకూ పుస్తకాలకూ ఇచ్చేశాడు. పెళ్లి చేసుకోలేదు. ఆయన సేకరిస్తున్నాడని తెలిసి దేశదేశాల వ్యాపారులు దివాన్ దేవిడీకి వచ్చేవారు. ఆయన కూడా ఐరోపాకూ పశ్చిమాసియాకూ వెళ్లి కొనుక్కొచ్చేవాడు. పారశీక తివాచీలు, చైనా జపాన్ పింగాణీ, మొగలు కాలపు కత్తులు, జేడ్ రాయితో చేసిన వస్తువులు, సూక్ష్మచిత్రాలు, ఐరోపా తైలవర్ణ చిత్రాలు, గాజు సామాను, చేతిరాత గ్రంథాలు, పిల్లల ఆటబొమ్మలు, ఇలా ఇదీ అదీ అని లేదు. 40,000కు పైగా వస్తువులు చేరాయి. దేవిడీ గదులన్నీ నిండిపోయాయి. ఆయన చివరగా కొన్నవాటిలో దంతపు కుర్చీల జత ఒకటి ఉంది. ఫ్రాన్స్ రాజు టిప్పు సుల్తాన్‌కు పంపినవని వాటి గురించి చెబుతారు.

అన్నీ గొప్పవే అనుకోకండి. ఒక మనిషి తన ఇష్టంతో కొన్నప్పుడు మేలైనవాటి పక్కన మామూలువీ చేరతాయి. అసలు చిత్రాల పక్కన నకళ్లూ ఉన్నాయి. ఆ మ్యూజియంలో తిరుగుతుంటే ఒక పండితుడి పట్టిక కంటే ఒక మనిషి మనసే ఎక్కువ కనిపిస్తుంది. సీసపు సైనికుల బొమ్మలు చూసినప్పుడు నాకు తండ్రి లేకుండా పెరిగిన ఆ పిల్లవాడే గుర్తొస్తాడు.

పంజరంలో పాడే పిట్ట

ఆయన గడియారాల గది గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఫ్రాన్స్, ఇంగ్లండ్, స్విట్జర్లాండ్, జర్మనీ, హాలండ్ దేశాల గడియారాలు అక్కడ ఉన్నాయి. మనిషంత ఎత్తున నిలబడేవి, లోపలి చక్రాలు బయటికి కనిపించేవి, భూతద్దం పెట్టి చూడవలసినంత చిన్నవి. వాటిలో పక్షి పంజరపు గడియారాలు అనే రకం ఒకటి ఉంది. మీకు ఆ రకం కథ చెప్పాలి, ఎందుకంటే యంత్రానికీ కళకూ మధ్య గోడ లేదని దానిలోనే బాగా తెలుస్తుంది.

సుమారు 300 ఏళ్ల కిందట ఫ్రాన్స్‌లో ఇళ్లలో కెనరీ పిట్టలను పెంచేవారు. వాటికి పాటలు నేర్పడానికి ఒక చిన్న పెట్టె తయారుచేశారు. పిడి తిప్పితే లోపలి తిత్తి గాలి ఊదుతుంది, వరుసగా పేర్చిన చిన్న గొట్టాలు ఒక్కొక్కటి ఒక్కో స్వరం పలుకుతాయి. పిట్ట విని నేర్చుకోవాలి. కొన్నాళ్లకు పనివాళ్లకు ఒక ఆలోచన వచ్చింది. పిట్టకు పాట నేర్పే పెట్టె ఉన్నప్పుడు, ఆ పెట్టెకే ఒక పిట్టను ఎందుకు తగిలించకూడదు?

ఈ పనిలో పేరు పొందినవాడు స్విట్జర్లాండ్ కొండల్లోని లా షో ద ఫోన్ అనే ఊళ్లో 1721లో పుట్టిన పియర్ జాకే ద్రో. ఆయన, ఆయన కొడుకు హెన్రీ లూయీ, వారితో పనిచేసిన లెషో కలిసి 1774 నాటికి మూడు మరబొమ్మలు చేశారు. ఒకటి సిరాలో కలం ముంచి రాస్తుంది, ఒకటి బొమ్మ గీస్తుంది, ఒకటి వేళ్లతో వాద్యం మీటుతుంది. అవి ఇప్పటికీ నషాటెల్ నగరంలోని మ్యూజియంలో పనిచేస్తూనే ఉన్నాయి. పాడే పిట్టలు కూడా ఆ కర్మాగారంలో తయారయ్యాయి. కొన్ని పంజరాలను పైకప్పు నుంచి వేలాడదీసేవారు. పంజరం అడుగున గడియారం ముఖం ఉంటుంది. కింద నిలబడి తలెత్తి చూస్తే సమయం తెలుస్తుంది, పైన పిట్ట పాడుతుంది.

మొదట్లో ఒక్కో స్వరానికి ఒక్కో గొట్టం కావాలి కాబట్టి యంత్రం పెద్దగా ఉండేది. 1780ల నాటికి చిక్కు విడిపోయింది. చాలా గొట్టాల బదులు ఒకే ఒక చిన్న ఈల పెట్టి, దాని లోపల ముందుకూ వెనక్కూ జరిగే పిస్టన్ అమర్చారు. పిల్లనగ్రోవి ఊదేవాడు వేళ్లతో రంధ్రాలు మూసి తెరిచి స్వరం మారుస్తాడు కదా. ఇక్కడ పిస్టన్ లోపలికి వెళ్తే గాలి నిలిచే చోటు చిన్నదై స్వరం పైకి పోతుంది, వెనక్కి వస్తే కిందికి దిగుతుంది. నిజం పిట్ట ఒక స్వరం నుంచి మరో స్వరానికి మెట్టు ఎక్కినట్టు వెళ్లదు, జారుతుంది. ఆ జారుడు పిస్టన్ వల్ల వచ్చింది. పైగా యంత్రం ఎంత చిన్నదైందంటే, జేబులో పెట్టుకునే పెట్టెలో పట్టేసింది. మీట జరిపితే మూత తెరుచుకుంటుంది, బొటనవేలంత కూడా లేని పిట్ట లేచి నిలబడి, అటూ ఇటూ తిరిగి, రెక్కలల్లార్చి, ముక్కు తెరిచి కాసేపు పాడుతుంది. పాట అవగానే తనంతట తానే పడుకుంటుంది, మూత మూసుకుంటుంది.

పిస్టన్‌కు ఎప్పుడు ఎటు జరగాలో ఎవరు చెబుతారు? ఇత్తడి బిళ్లలు. గుండ్రటి బిళ్ల అంచును ఎత్తుపల్లాలుగా ఆకురాయితో అరగదీస్తారు. బిళ్ల తిరుగుతుంటే దాని అంచు మీద ఆనుకున్న మీట లేస్తూ దిగుతూ పిస్టన్‌ను నడుపుతుంది. మరో బిళ్ల గాలి వదలాలా ఆపాలా అని నిర్ణయిస్తుంది. మరొకటి ముక్కును, ఇంకొకటి తోకను, రెక్కలను కదిలిస్తుంది. అన్నీ ఒకే ఇరుసు మీద తిరుగుతాయి కాబట్టి స్వరం పలికే క్షణానికే ముక్కు తెరుచుకుంటుంది. పాటంతా ఆ అంచుల మీద రాసి ఉంటుందన్నమాట. ఒక చోట వెంట్రుకంత ఎక్కువ అరిగిందా, పిట్ట అక్కడ అపశ్రుతి పలుకుతుంది.

శక్తి చుట్టచుట్టిన స్ప్రింగు నుంచి వస్తుంది. కీ ఇచ్చినప్పుడు మన చేతి బలమే అందులో దాగుతుంది. అయితే నిండుగా చుట్టిన స్ప్రింగు గట్టిగా లాగుతుంది, విడుతున్న కొద్దీ నీరసిస్తుంది. అలాగే వదిలేస్తే పాట మొదట పరుగెత్తి చివర్లో మూలుగుతుంది. అందుకని మంచి పెట్టెల్లో స్ప్రింగు డబ్బాకూ శంకు ఆకారపు గాడి చక్రానికీ మధ్య సన్నని గొలుసు వేశారు. స్ప్రింగు బలంగా ఉన్నప్పుడు గొలుసు శంకువు సన్నటి భాగాన్ని లాగుతుంది, బలం తగ్గేసరికి లావు భాగానికి వస్తుంది.  అందువల్ల మొదటి నుంచి చివరిదాకా వేగం ఒకేలా ఉంటుంది.

ఇంత జరుగుతున్నా పిట్ట గొంతులో ఏమీ లేదు. తిత్తి, ఈల, పిస్టన్ అన్నీ కింద, కాళ్ల అడుగున ఉంటాయి. పిట్ట ఒంటి మీద మాత్రం నిజమైన ఈకలే, ఒక్కొక్కటిగా అంటించినవి. తిత్తికి పట్టిన సన్నటి తోలు ఏళ్లు గడిస్తే పగులుతుంది. అప్పుడు చక్రాలు తిరుగుతాయి, రెక్కలాడతాయి, ముక్కు తెరుచుకుంటుంది, పాట మాత్రం రాదు. తెలిసినవాళ్లు తోలు మార్చాలి.

మన దేశంలోనూ ఇలాంటి యంత్రం ఒకటి ఉండేది. టిప్పు సుల్తాన్ పులి బొమ్మ. దాని కడుపులో కూడా తిత్తీ గొట్టాలూ ఉన్నాయి. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక ఇంగ్లీషువాళ్లు దాన్ని లండన్‌కు పట్టుకుపోయారు. మన వస్తువులు అలా సముద్రం దాటి వెళ్లిపోయిన కాలం తర్వాత, హైదరాబాద్‌లో ఒక మనిషి సముద్రం అవతలి వస్తువులను ఇటు తెచ్చాడు. తేడా ఏమిటంటే ఈయన డబ్బిచ్చి కొన్నాడు.

గంట కొట్టే గడ్డపాయన

ఆ మ్యూజియంలో అందరూ ఎదురుచూసేది సంగీత గడియారం కోసం. దాని మీద కుక్ అండ్ కెల్వీ అన్న పేరుంటుంది. కలకత్తాలో గడియారాల దుకాణం నడిపిన ఇంగ్లీషువాళ్ల సంస్థ అది. మన బిలాస్‌పూర్ మీదుగా పట్టాలు వేసిన బెంగాల్ నాగపూర్ రైల్వే కూడా కలకత్తా నుంచే నడిచింది. మీలో చాలామంది తాతముత్తాతలు శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి ఆ రైల్వే పని కోసమే ఈ ఊరు వచ్చారు. రైలు వచ్చాకే దేశమంతా ఒకే గడియారం చూసుకోవడం నేర్చుకుంది. ఆ గడియారం ముందు నిలబడితే నాకు రైలూ గడియారమూ ఒకే కాలపు పిల్లలనిపిస్తాయి.

ఆ గడియారంలో 350కి పైగా భాగాలున్నాయి. ఒక పక్క సుత్తి పట్టుకున్న చిన్న కమ్మరి బొమ్మ సెకనుకో దెబ్బ వేస్తూ ఉంటుంది. గంట అయ్యే ముందు ఒక చిన్న తలుపు తెరుచుకుంటుంది. గడ్డం ఉన్న బొమ్మ మనిషి బయటికి వచ్చి, ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట కొట్టి, మళ్లీ లోపలికి వెళ్లిపోతాడు. తలుపు మూసుకుంటుంది. మధ్యాహ్నం 12 గంటలకు జనం ఎక్కువ, ఎందుకంటే 12 దెబ్బలు వినవచ్చు.

నేను చిన్నప్పుడు బడి విహారయాత్రలో ఆ గడియారం చూడ్డానికి వెళ్లాను. చూడ్డానికి అన్నాను గానీ, చూడలేదు. నేను పొట్టి, ముందంతా పెద్దవాళ్ల వీపులు. దెబ్బలు మాత్రం లెక్కపెట్టాను, పదకొండు. అందరూ నవ్వుతూ కదిలిపోయాక ఎదురుగా మూసిన తలుపు కనిపించింది. కమ్మరి బొమ్మ మాత్రం ఎవరూ చూడకపోయినా తన పని తాను చేస్తూనే ఉంది. చప్పట్లు గడ్డపాయనకు, పని కమ్మరికి అని అప్పుడు అనుకున్నాను. పెద్దయ్యాక ఆ మాట నాకు చాలాసార్లు గుర్తొచ్చింది.

వెలుగు కింద నీడ

ఇక్కడ ఒక నిజం చెప్పకపోతే ఈ కథ సగమే అవుతుంది. ఆ వస్తువులు కొన్న డబ్బు ఎక్కడిది? జాగీరుది. జాగీరు ఆదాయం ఎక్కడిది? పొలాల్లో చెమటోడ్చిన రైతులది. తెలంగాణ పల్లెల్లో వెట్టిచాకిరీ నడిచిన రోజులవి. మ్యూజియంలో ప్రతి పింగాణీ పళ్లెం వెనక ఆ రైతు కూడా ఉన్నాడు.

ఇంకో సంగతి. కొన్నవాడి పేరు గుమ్మం మీద ఉంది. జాకే ద్రో లాంటి కొద్దిమంది పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. కానీ ఇత్తడి బిళ్ల అంచును అరగదీసిన పనివాడు, తివాచీ నేసిన స్త్రీ, జేడ్ రాయిని నెలల తరబడి సాన పట్టిన కళాకారుడు, వీళ్లలో చాలామంది పేర్లు ఎక్కడా లేవు. మూడవ సాలార్‌జంగ్‌ను గౌరవించడమంటే వీళ్లను మరిచిపోవడం కాకూడదు. ఆయన వాళ్ల పనిని గుర్తించి దాచాడు కాబట్టే వాళ్ల చేతి నైపుణ్యాన్ని మనం చూడగలుగుతున్నాం. ఈ రెండూ నిజాలే.

ఎవరిదీ కాని ఇల్లు

1948 సెప్టెంబరులో హైదరాబాద్ రాజ్యం భారతదేశంలో కలిసింది. ఆయన పుట్టి పెరిగిన లోకం కళ్ల ముందే మారిపోయింది. తర్వాత ఆరు నెలలకు, 1949 మార్చి 2న, మూడవ సాలార్‌జంగ్ కన్నుమూశాడు. ఆయనకు 59 ఏళ్లు. అదే ఏడాది ఆగస్టులో జాగీర్ల రద్దు ఉత్తర్వు వచ్చింది.

భార్య లేదు, పిల్లలు లేరు. దివాన్ దేవిడీ గదుల నిండా వస్తువులు, వాటి మీద హక్కు అడిగే బంధువులు మాత్రం ఉన్నారు. ఒక్కసారి ఊహించండి. ఒకరు తివాచీ, ఒకరు కత్తి, ఒకరు గడియారం పట్టుకుపోయి ఉంటే ఏమయ్యేది? 35 ఏళ్లు ఒక చోట చేర్చినవి ఒక్క ఏడాదిలో వంద ఇళ్లకు, వేలం పాటలకు చెదిరిపోయేవి. పంజరపు గడియారం ఎవరింట్లోనో తుప్పు పట్టేది. ఎంతోమంది సేకరణలకు అదే జరిగింది.

ఇక్కడ అలా కాలేదు. ఆస్తి చూసుకోవడానికి ప్రభుత్వం ఒక కమిటీని ఏర్పాటు చేసింది. అప్పటి రాష్ట్ర పాలనాధికారి ఎం.కె. వెల్లోడి ఈ వస్తువులతో మ్యూజియం పెట్టాలని తలచాడు. వాటిని క్రమంలో అమర్చే పనికి జేమ్స్ కజిన్స్‌ను పిలిచారు. ఆయన ఐర్లాండ్‌లో పుట్టిన కవి, కళా విమర్శకుడు. తెలుగువాళ్లకు పరాయివాడు కాదు. మదనపల్లె కళాశాలకు ప్రిన్సిపాల్‌గా పనిచేశాడు. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లెలో ఉండి జనగణమన గీతాన్ని ఇంగ్లీషులోకి అనువదించినప్పుడు ఆతిథ్యం ఇచ్చినవాడు ఆయనే.

1951 డిసెంబరు 16న ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ దివాన్ దేవిడీలోనే మ్యూజియాన్ని ప్రారంభించారు. ఒకప్పుడు నవాబు అతిథులు మాత్రమే నడిచిన గదుల్లోకి టికెట్ కొనుక్కున్న ఎవరైనా వెళ్లగలిగారు. జాగీరు రైతు మనవడు కూడా. 1958లో వారసులు రాజీ పత్రం మీద ఆ సంపదను భారత ప్రభుత్వానికి అప్పగించారు, దాన్ని హైకోర్టు డిక్రీగా ఆమోదించింది. 1961లో పార్లమెంటు చట్టం చేసి మ్యూజియాన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. 1968లో మూసీ దక్షిణపు ఒడ్డున కట్టిన ఇప్పటి భవనంలోకి అన్నీ మారాయి.

ఆ మారడం గురించి బదిలీల మనిషిగా నేను తరచుగా ఆలోచిస్తాను. నాలుగు పెట్టెలు, ఒక గడియారం తీసుకుని ఊరు మారడమే మనకు ఇంత కష్టమైతే, 40,000 వస్తువులను, గాజునూ పింగాణీనీ, 350 భాగాల గడియారాన్నీ ఒక ఇంటి నుంచి మరో ఇంటికి మార్చినవాళ్ల చేతులు ఎంత జాగ్రత్తగా ఉండి ఉంటాయి! వాళ్ల పేర్లు కూడా గుమ్మం మీద లేవు.

మనకు మిగిలేది

మూడవ సాలార్‌జంగ్ జీవితాన్ని ఒక్క మాటలో చెప్పమంటే నేను ఇలా చెబుతాను. పోగుచేయడం ఒక మనిషి పని, నిలబెట్టడం చాలామంది పని. స్ప్రింగు ఎంత మంచిదైనా తనకు తాను చుట్టుకోలేదు. ప్రతిసారీ ఒక చేయి రావాలి. ఆ చేయి ఆయనదే కానక్కర్లేదు. ఆయన పోయాక అది ఒక కమిటీ చేయి, ఒక కవి చేయి, పట్టు వదిలిన వారసుల చేయి, ఈ రోజు గడియారాలకు కీ ఇచ్చి నూనె వేసే సిబ్బంది చేయి.

భాష కూడా ఇంతే. మీలో కొందరు బడిలో హిందీ, ఇంగ్లీషు మాట్లాడి, ఇంట్లో అమ్మమ్మతో మాత్రమే తెలుగు మాట్లాడతారు. మాట్లాడడం మానేస్తే అది పాడైపోదు. మా గడియారంలా లోపల నూనె గట్టిపడుతుంది. రెండు చుక్కలు వేస్తే మళ్లీ నడుస్తుంది. కాకపోతే ఎవరో ఒకరు విప్పి చూడాలి.

వేసవి సెలవుల్లో మీరు సికింద్రాబాద్ మీదుగా ఊళ్లకు వెళ్తే, వీలు చూసుకుని ఒకరోజు ఆ మ్యూజియానికి వెళ్లండి. శుక్రవారం మూసి ఉంటుంది, గుర్తుంచుకోండి. గంటకు పది నిమిషాల ముందే వెళ్లి ముందు వరుసలో కూర్చోండి. మీ పక్కన పొట్టి పిల్లలెవరైనా ఉంటే ముందుకు రానివ్వండి. గడ్డపాయన లోపలికి వెళ్లిపోయాక వెంటనే లేవకండి. కమ్మరిని కాసేపు చూడండి. తర్వాత గడియారాల గదికి వెళ్లి, పంజరం దగ్గర ఆగి, ఆ పిట్ట కాళ్ల కింద ఏముంటుందో ఊహించండి.

ఈలోగా ఇంట్లో ఒక పని చేయండి. తాతదో అమ్మమ్మదో ఒక పాత వస్తువు వెతకండి. రైల్వే లాంతరు కావచ్చు, ఇత్తడి చెంబు కావచ్చు, తాళం లేని పెట్టె కావచ్చు. అది ఎవరు చేశారో, ఏ ఊరి నుంచి ఏ రైల్లో వచ్చిందో అడిగి ఒక కాగితం మీద తెలుగులో రాయండి. పదిహేను వాక్యాలు చాలు. నాకు తెచ్చి చూపించండి.

ఇది రాస్తుండగా ఆదివారం సాయంత్రమైంది. గడియారానికి కీ ఇచ్చి వచ్చాను. పదకొండు చుట్లు పట్టింది.